తల్లిదండ్రుల్ని తిట్టడం కాదు, నాయకులుగా తయారుచేయాలి

పై పెదవి చీలి పుట్టిన బిడ్డని మన తెలుగులో ఏమంటాం? గ్రహణం మొర్రి అంటాం. పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా అదే మాట వాడతారు. ఆ మాటలోనే తీర్పు ఉంది. గ్రహణం రోజు కడుపుతో ఉన్న తల్లి బయటికి వచ్చింది, కూరగాయలు కోసింది, అందుకే బిడ్డ ఇలా పుట్టాడు అని. నేరం సూర్యుడిదీ కాదు, చంద్రుడిదీ కాదు, తల్లిది. పెదవి, అంగిలి రూపం దిద్దుకోవడం గర్భం మొదటి మూడు నెలల్లోనే అయిపోతుంది కదా, ఏడో నెలలో పట్టిన గ్రహణం దాన్ని ఎలా చీలుస్తుంది అని మనం ఎన్నో సభల్లో అడిగాం. ఈ ప్రశ్నకి ఇంతవరకూ ఏ పంచాంగకర్తా జవాబు చెప్పలేదు.

అదే గ్రహణం ఇంకోచోట మందు. 2019 డిసెంబరు 26న సూర్యగ్రహణం పట్టినప్పుడు కర్ణాటకలోని కలబురగి దగ్గర తాజ్‌సుల్తాన్‌పూర్‌లో కొందరు వికలాంగ పిల్లల్ని గోతుల్లో మెడలోతు వరకు పాతిపెట్టారు. గ్రహణం వేళ అలా మట్టిలో ఉంచితే అవిటితనం పోతుందని నమ్మకం. మట్టిపైన తల మాత్రమే కనిపిస్తూ ఏడుస్తున్న పిల్లల ఫొటోలు దేశమంతా చూసింది.

వాటిని చూసి నాకూ ఒళ్లు మండింది. "మూర్ఖులు, కసాయి తల్లిదండ్రులు, జైల్లో పెట్టాలి" అని మన మిత్రులు అప్పుడు అన్న మాటలు నాకు గుర్తున్నాయి. నేనూ అదే ధోరణిలో ఒక పత్రికకి ఉత్తరం రాశాను. ఇప్పుడు ఆ ఉత్తరం గురించి సిగ్గుపడుతున్నాను. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

ఆ తర్వాత కొన్నాళ్లకి మన సంఘం తరపున తాండూరు వైపు ఒక ఊరికి వెళ్లాం. కర్ణాటక సరిహద్దు అక్కడికి దగ్గర. చుట్టరికాలు అటూ ఇటూ ఉంటాయి, నమ్మకాలూ అంతే. గ్లోబు, బంతి, టార్చిలైటు పెట్టి గ్రహణం ఎలా పడుతుందో చూపించాం. కొబ్బరికాయ మీద నీళ్లు చల్లి మంట పుట్టించి, ఆ "మహిమ" గుట్టు విప్పాం. పిల్లలు చప్పట్లు కొట్టారు. సభ బాగా జరిగిందనుకుని సామాన్లు సర్దుకుంటున్నాం. చంకలో బిడ్డనేసుకుని ఒక తల్లి వచ్చింది. బిడ్డకి ఐదారేళ్లుంటాయి, కాళ్లూ చేతులూ కర్రల్లా బిగుసుకుని ఉన్నాయి.

"సార్, మీరు చెప్పింది ఇన్నం. గుంతల పెట్టొద్దన్నరు, పెట్టం. మరేం జెయ్యాలె? మీరు పోయినంక పిలగానికి నేనే బువ్వ తినిపియ్యాలె. మింగడు, దగ్గుతడు, పాణం పోతదా అనిపిస్తది. దానికేమన్న చెప్పరాదు."

మా దగ్గర జవాబు లేదు. గ్లోబు ఉంది, టార్చి ఉంది, కొబ్బరికాయ ఉంది. బిడ్డకి బువ్వ ఎలా తినిపించాలో మాలో ఒక్కరికీ తెలియదు.

ఆమె నాలుగు ఆసుపత్రులు తిరిగింది. చివరికి పట్నంలో ఒక పెద్ద ఆసుపత్రిలో డాక్టరు రెండు నిమిషాలు చూసి, "ఇది నయం కాదమ్మా, తీసుకెళ్లు" అన్నాడు. శాస్త్రపరంగా ఆ డాక్టరు అబద్ధం చెప్పలేదు. సెరిబ్రల్ పాల్సీలో ఎదిగే దశలో ఉన్న మెదడుకి దెబ్బ తగులుతుంది. నెలలు నిండకుండా పుట్టడం, కాన్పు వేళ ఆక్సిజన్ అందకపోవడం, పుట్టగానే వచ్చిన తీవ్రమైన పచ్చకామెర్లకి సకాలంలో చికిత్స జరగకపోవడం లాంటివి కారణాలు. ఆ దెబ్బని మాన్పే మందు లేదు. కానీ "నయం కాదు" అన్న మాటా, "చేయగలిగింది ఏమీ లేదు" అన్న మాటా ఒకటి కావు. సరిగ్గా కూర్చోబెట్టడం, తినిపించడం, కీళ్లు పట్టేయకుండా చూడటం, మాట రాకపోతే బొమ్మల అట్టతో చెప్పించడం, బడికి పంపడం, ఇవన్నీ చేయగలిగినవే. వాటిని ఎవరూ ఆమెకి చెప్పలేదు. ఆ రెండు మాటల మధ్య ఉన్న ఖాళీలోనే బాబాలు, తాయెత్తులు, గోతులు బతుకుతున్నాయి. మేము గోతిని పూడ్చమన్నాం. ఖాళీని అలాగే వదిలేశాం.

రెండోసారి వెళ్లినప్పుడు మాతో ఒకావిడ వచ్చింది. చదివింది ఏడో తరగతి. ఆమె కొడుక్కి కూడా సెరిబ్రల్ పాల్సీయే, అప్పటికి పద్నాలుగేళ్లు. ఒక స్వచ్ఛంద సంస్థ ఇలాంటి తల్లులకి పెట్టిన శిక్షణలో కొన్ని నెలలు నేర్చుకుని, తర్వాత తన చుట్టుపక్కల ఊళ్లలో తిరుగుతోంది. మైకు ఇస్తే వద్దంది. అరుగు మీద కూర్చుని, ఆ బిడ్డని ఒళ్లోకి తీసుకుని, ముందుగా తల్లిని ఎలా తినిపిస్తున్నావో చూపించమంది. తల్లి బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టి నోట్లో ముద్ద పెట్టింది. అప్పుడు ఈవిడ ఒక గ్లాసు నీళ్లు తెప్పించి, "చెల్లె, నువ్వు తల ఎనక్కి ఎత్తి ఆకాశం జూసుకుంట ఈ నీళ్లు తాగి చూడు" అంది. తల్లికి పొలమారింది. "పెద్దదానివి నీకే పొలమారె. గానికి పొలమారదా?" అంది. తర్వాత బిడ్డని నిటారుగా కూర్చోబెట్టి, తల కొంచెం ముందుకి వంచి, చిన్న చిన్న ముద్దలు ఎలా పెట్టాలో చూపించింది. పడుకోబెట్టి తినిపిస్తే తిండి ఊపిరితిత్తుల్లోకి పోతుందనీ, మాటిమాటికీ వచ్చే దగ్గు, జ్వరం అందుకే కావచ్చనీ చెప్పింది. రెండు గోడలు కలిసే మూల బిడ్డని దిండ్లతో కూర్చోబెడితే నీ చేతులు ఖాళీ అవుతాయి అంది.

ముప్పై ఏళ్లుగా నేను వేదికల మీద ప్రయోగాలు చేస్తున్నాను. ఆ గ్లాసు నీళ్లంత మంచి ప్రయోగం ఒక్కటీ చేయలేదు.

గ్రహణం మాట చివర్లో వచ్చింది. అది కూడా ఒక ముసలమ్మ అడిగితే. "నేను గూడ మొక్కులు మొక్కిన పెద్దమ్మా. మేకను కోసిన. మేక పోయింది, పైసలు పోయినయి, కొడుకు అట్లనే ఉండె" అంది. ఆడవాళ్లంతా నవ్వారు. అదే మాట నేను అంటే నవ్వేవాళ్లు కాదు, ముఖం తిప్పుకునేవాళ్లు. ఆ ఏడాదే ఆ ఊరి తల్లులు నలుగురు కలిసి వికలాంగ ధ్రువపత్రాల కోసం క్యాంపుకి వెళ్లారు. అంతకుముందు ఒక్కొక్కరే వెళ్లి, ఒక్కొక్కరే ఉత్త చేతులతో తిరిగొచ్చేవాళ్లు. నా లెక్కలో నాయకత్వం అంటే ఇదే.

ఇది నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. మన దేశంలో ఈ రంగాన్ని చాలావరకు నిలబెట్టింది తల్లిదండ్రులే. సెరిబ్రల్ పాల్సీ ఉన్న కూతురు మాలినీ ఛిబ్ కోసం దారి వెతుక్కుంటూ మిథూ అలూర్ 1972లో ముంబయిలో స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ ఇండియా స్థాపించారు. ఆ కూతురు తర్వాత తన జీవితం గురించి తానే పుస్తకం రాసింది. కొడుకు కోసం మొదలుపెట్టిన పూనమ్ నటరాజన్ 1985లో చెన్నైలో ఇప్పటి విద్యాసాగర్ సంస్థకి పునాది వేసి, తర్వాత నేషనల్ ట్రస్టుకి అధ్యక్షురాలయ్యారు. ఆటిజం ఉన్న బాబుకి తల్లి అయిన మేరీ బరువా 1991లో ఢిల్లీలో యాక్షన్ ఫర్ ఆటిజం మొదలుపెట్టారు. అక్కడ తల్లీ బిడ్డా కలిసి మూడు నెలలు నేర్చుకునే శిక్షణ ఉంది. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం బోర్డులో తల్లిదండ్రుల సంఘాలకి ప్రత్యేకంగా చోటు పెట్టింది.

అయితే వీళ్లంతా నగరాలవాళ్లు, చదువుకున్నవాళ్లు. తాండూరు పక్క ఊళ్లో తల్లికి అది సాధ్యమా అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం 1987లో వికలాంగ పిల్లల తల్లిదండ్రులకీ, పెద్దవాళ్లయిన వికలాంగులకీ విధానాలు ఎలా తయారవుతాయో, అధికారులతో ఎలా మాట్లాడాలో నేర్పే శిక్షణ మొదలుపెట్టింది. ఎనిమిది విడతలు, విడతకి రెండు రోజులు. అంటే నాయకత్వం పుట్టుకతో వచ్చేది కాదు, నేర్పితే వచ్చేదే అన్న అవగాహన. మరి పేద దేశాల్లో? ఆటిజం విషయంలో గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ కలిపి ఒక పరీక్ష చేశారు. ఫలితాలు 2016లో లాన్సెట్ సైకియాట్రీలో వచ్చాయి. 65 మంది పిల్లల్ని చీటీలు వేసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపులోని తల్లిదండ్రులకి స్పెషలిస్టులు కాని మామూలు ఆరోగ్య కార్యకర్తలు, బిడ్డతో ఆడుకునేటప్పుడు తీసిన వీడియోలు చూపిస్తూ శిక్షణ ఇచ్చారు. ఆ గుంపులో బిడ్డకి తగ్గట్టు స్పందించడం తల్లిదండ్రుల్లో పెరిగింది, తనంతట తాను పలకరించడం పిల్లల్లో పెరిగింది. ఇద్దరూ ఒకే వస్తువు మీద దృష్టి నిలిపే సమయం మాత్రం తగ్గింది. అంటే అద్భుతం ఏమీ కాదు. చిన్న పరీక్ష, కొంత మంచి, కొంత తేడా. నాకు అందుకే దానిమీద గౌరవం. ఏది పెరిగిందో, ఏది తగ్గిందో రెండూ చెప్పింది. ఏ బాబా ఆ పని చేస్తాడు?

ఇంతవరకూ చదివి, "అయితే తల్లిదండ్రులకి అన్నీ తెలుసు, వాళ్ల వెనక నడుద్దాం" అని నేను అంటున్నాననుకోకండి. ఇక్కడే అసలు సంగతి ఉంది.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో బస్సులో ఆ తాండూరు తల్లి సంచిలోంచి ఒక సీసా తీసింది. మెదడు చురుకు చేసే టానిక్కట. అందరికీ ఇదే చెప్తాను, నా కొడుకు దీంతోనే మాటలు నేర్చాడు అంది. నాకు గుండె జారింది. పొద్దున అంత గొప్ప ప్రయోగం చేసిన మనిషి సాయంత్రానికి టానిక్కు ప్రచారం చేస్తోంది. ఉపన్యాసం నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. ప్రశ్నలే అడిగాను. ఎప్పుడు మొదలుపెట్టారు? అప్పుడు ఇంకేం చేసేవారు? మధ్యలో ఎప్పుడైనా మానేశారా? ఆమె ఆలోచించింది. డబ్బుల్లేక నాలుగు నెలలు కొనలేదట. "అమ్మ" అన్న మాట కొడుకు మొదటిసారి అన్నది ఆ నాలుగు నెలల్లోనేనని ఆమెకే గుర్తొచ్చింది. చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత ఇతరులకి ఆ సీసా గురించి చెప్పడం మానేసింది. ఇంట్లో మాత్రం ఇంకా ఒకటి ఉందనే నా అనుమానం. ఉండనివ్వండి, ఆశని ఒక్క బస్సు ప్రయాణంలో వదులుకోమనడానికి నేనెవర్ని?

అనుభవం వేరు, రుజువు వేరు. ఈ తేడా తెలియకపోతే ఎంత పెద్ద నాయకుడైనా పడిపోతాడు. చరిత్రలో దీనికి బెర్నార్డ్ రిమ్‌లాండ్ కన్నా పెద్ద ఉదాహరణ లేదు. ఒకప్పుడు అమెరికాలో పెద్ద పెద్ద నిపుణులు, ప్రేమ చూపించని తల్లుల వల్లే పిల్లలకి ఆటిజం వస్తుందని చెప్పేవారు. మన గ్రహణం మొర్రికీ దానికీ తేడా ఏముంది? అదీ తల్లి నేరమే, కాకపోతే తెల్లకోటు వేసుకున్న మూఢనమ్మకం. రిమ్‌లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఆటిజం ఉన్న బాబుకి తండ్రి. 1964లో రాసిన పుస్తకంతో ఆ సిద్ధాంతాన్ని దెబ్బతీశాడు, ఆటిజానికి జీవశాస్త్ర కారణాలున్నాయని వాదించాడు. ఒక తండ్రి లక్షలమంది తల్లుల మీద పడిన నిందని తుడిచాడు. అదే మనిషి తర్వాతి కాలంలో టీకాల్లోని పాదరసమే ఆటిజానికి కారణమన్న వాదన వెనక, ఒంట్లోంచి లోహాల్ని లాగేసే కీలేషన్ చికిత్సల వెనక నిలబడ్డాడు. 2005లో పెన్సిల్వేనియాలో ఆటిజం ఉన్న ఐదేళ్ల బాబు కీలేషన్ చేస్తుండగా చనిపోయాడు. మొదటి రిమ్‌లాండ్ రుజువు అడిగాడు. రెండో రిమ్‌లాండ్ అడగడం మానేశాడు.

ఇది మనకి దూరం కాదు. మన నగరాల్లో ఆటిజానికి, సెరిబ్రల్ పాల్సీకి మూలకణ చికిత్స పేరుతో లక్షల రూపాయలు గుంజుతున్నారు. 2017 నాటి ఐసీఎంఆర్ మార్గదర్శకాలు కొన్ని రక్త సంబంధ వ్యాధులు తప్ప మిగతా వాటికి మూలకణాల వాడకం అనుమతి పొందిన పరిశోధనల్లోనే జరగాలన్నాయి. 2022లో జాతీయ వైద్య కమిషన్ నైతిక విభాగం ఆటిజానికి ఆ చికిత్స తగదనీ, దాన్ని ప్రచారం చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అనీ చెప్పింది. కానీ ఈ మాట ఎంతమంది తల్లిదండ్రులకి చేరింది? పొలం అమ్మడానికి బయల్దేరిన తండ్రిని ఆపగలిగేది ఐసీఎంఆర్ కాగితం కాదు. "నేనూ అమ్మిన తమ్మీ, ఫలితం రాలె" అనగలిగే ఇంకో తండ్రి ఆపగలడు. అతని చేతిలో ఆ కాగితం కూడా ఉంటే మరీ మంచిది.

కాబట్టి నా వాదన ఇదీ. తల్లిదండ్రుల్ని తమ ఊళ్లలో నాయకులుగా తయారుచేయడం సంఘసేవ అని పక్కన పెట్టాల్సింది కాదు, అది హేతువాద ఉద్యమం పని. తినిపించడం, నడిపించడం నేర్పడానికి థెరపిస్టులున్నారు. ధ్రువపత్రాలు, పింఛన్లు, నేషనల్ ట్రస్టు వారి లక్ష రూపాయల నిరామయ ఆరోగ్య బీమా, బడిలో సీటు, పద్దెనిమిదేళ్లు నిండాక కలెక్టరు కమిటీ ద్వారా సంరక్షకుల్ని నియమించుకోవడం, 1995 చట్టంలో 7 రకాలుగా ఉన్న వైకల్యాలు 2016 చట్టంలో 21 కావడం, ఇవన్నీ చెప్పడానికి వికలాంగుల సంఘాలున్నాయి. కానీ ఎవరైనా ఒక మందు అమ్మినప్పుడు "ఎన్ని నెలలు? ఎంతమందికి? మందు తీసుకోని పిల్లల సంగతేమిటి? ఎదురుతిరిగితే ఏమవుతుంది? నీకేం లాభం?" అని అడగడం నేర్పేవాళ్లు ఆ శిక్షణల్లో చాలా అరుదు. ఆ ఒక్క పాఠం మన దగ్గరుంది. మనం దాన్ని సభల్లో చప్పట్ల కోసం ఖర్చుపెడుతున్నాం.

దీనికి అభ్యంతరాలు ఉన్నాయి, తెలుసు. మొదటిది, ఇలా చేస్తే ప్రభుత్వం చేతులు దులుపుకుంటుందని. నిజమే, ఆ ప్రమాదం ఉంది. ఊరికి థెరపిస్టుని పంపాల్సిన ప్రభుత్వం, "తల్లులే చూసుకుంటారు" అంటే అది మోసం. అందుకే నాయకత్వం అనే మాటలో అడగడం కూడా ఉండాలి. శిక్షణకి వచ్చే తల్లికి బస్సు ఖర్చులు, పోయిన కూలి ఇవ్వాలి. స్వచ్ఛందం పేరుతో పేదరాలి చేత ఊరికే పని చేయించుకోవడం దోపిడీయే. ఇంకోమాట. తల్లులు తల్లులు అంటున్నాం, తండ్రులు ఎక్కడ? మా సభల్లో వెనక నిలబడి చూసిన మగవాళ్లని కూడా ఆ అరుగు మీద కూర్చోబెట్టాలి.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. తల్లిదండ్రులు పిల్లలు కారు. వికలాంగుల ఉద్యమం "మేము లేకుండా మా గురించి ఏదీ వద్దు" అంటుంది. బిడ్డ పెద్దవాడయ్యాక కూడా అమ్మే మాట్లాడితే, అది ఇంకో రకం నోరు నొక్కడం. ఈ విమర్శని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. మంచి శిక్షణలో చివరి పాఠం, మాట్లాడటం ఎప్పుడు ఆపాలో నేర్చుకోవడం. పద్నాలుగేళ్ల ఆ తాండూరు కుర్రాడు పక్కనుండగా వాడి గురించి మేమంతా మాట్లాడుకున్నాం. వాణ్ని ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ తప్పులో నాకూ భాగం ఉంది.

మూడోది మన మిత్రుల నుంచే వస్తుంది. చట్టం ఉంది కదా, కేసులు పెడితే చాలదా అని. కర్ణాటకలో అమానుష దురాచారాల నిరోధానికి 2017లో చేసిన చట్టం 2020 జనవరిలో అమల్లోకి వచ్చింది. చట్టం కావాలి, వద్దనను. గోతిలో ఉన్న బిడ్డని ఆ క్షణంలో బయటికి తీయడానికి అది పనికొస్తుంది. మర్నాడు పొద్దున ఆ బిడ్డకి ముద్ద తినిపించడానికి పనికిరాదు. తల్లిని జైలుకి పంపితే ముద్ద పెట్టే చెయ్యి కూడా ఉండదు.

2015 డిసెంబరులో ప్రధాని "దివ్యాంగులు" అనే మాట సూచించినప్పుడు ఎన్నో వికలాంగ సంఘాలు వద్దన్నాయి. నాకూ అది మింగుడుపడదు. ఊరు ఆ బిడ్డని పాపఫలం అంటుంది, ప్రభుత్వం దివ్యం అంటుంది. రెండింటిలోనూ బిడ్డ ఈ లోకానికి చెందినవాడు కాడు. పాపమూ కాదు, దివ్యమూ కాదు, ముద్ద కావాలి, బడి కావాలి, తోడు ఆడుకునేవాళ్లు కావాలి అని చెప్పడానికి ఊళ్లో ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి మనం కాలేం, ఎందుకంటే మనం సాయంత్రం బస్సెక్కి వచ్చేస్తాం.

2031 మే 21న కంకణ సూర్యగ్రహణం దక్షిణ భారతం మీదుగా వెళుతుంది. ఆ రోజు మళ్లీ ఎక్కడో గోతులు తవ్వుతారు, మళ్లీ కెమెరాలు వెళతాయి, మళ్లీ మనం ఉత్తరాలు రాస్తాం. అలా కాకుండా, మన సంఘం ఏటా పెట్టే శిక్షణ తరగతుల్లో ఒక రోజు ఈ తల్లిదండ్రులకి ఇద్దాం. వేదిక మీద వాళ్లని కూర్చోబెట్టి మనం కింద కూర్చుందాం. ముందు బిడ్డకి బువ్వ ఎలా తినిపించాలో వాళ్ల దగ్గర నేర్చుకుందాం. తర్వాత టానిక్కు సీసా మధ్యలో పెట్టి, దాన్ని ఏమని ప్రశ్నించాలో ఇద్దరం కలిసి నేర్చుకుందాం. గ్లోబూ టార్చీ సంచిలోనే ఉంచుదాం. ఎవరైనా అడిగితే తీద్దాం.